కూర్చుని, పడుకుని, మోకాళ్ల మీద: హ్యామ్‌స్ట్రింగ్ పరికరాలపై ఒక పరిశీలన

దాదాపు ఆరేళ్లపాటు నా కాళ్ల వ్యాయామంలో తొడ వెనక భాగానికి దక్కింది ఒక్కటే: బోర్లా పడుకుని, బరువును లాగుతూ మోకాళ్లు మడిచే లెగ్ కర్ల్, 3 సెట్లు, సెట్‌కు 12 రెప్‌లు, అంటే ఆపకుండా 12 సార్లు. స్క్వాట్, లెగ్ ప్రెస్, లెగ్ ఎక్స్‌టెన్షన్ అన్నీ ముగిసి, ఒంట్లో ఓపిక అడుగంటిన వేళ, ఇంటికి బయలుదేరే ముందు మొక్కుబడిగా అది సాగేది. నేను వెళ్లే జిమ్‌లో ఈ మధ్య పరికరాలు మార్చినప్పుడు సీటెడ్ లెగ్ కర్ల్ యంత్రం ఒకటి, మోకాళ్ల మీద నిలబడి ముందుకు వాలే నార్డిక్ బెంచ్ ఒకటి కొత్తగా వచ్చాయి. పాత లైయింగ్ లెగ్ కర్ల్‌ను తీసేయకుండా పక్కనే ఉంచారు కాబట్టి మూడింటినీ ఒకే చోట, ఒకే జత కాళ్లతో పోల్చి చూసే అవకాశం దొరికింది. వారానికి రెండు రోజుల చొప్పున 16 వారాలు వీటి మీద పనిచేసి, ప్రతి సెట్‌నూ నోటుపుస్తకంలో రాసుకున్న తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. నేను కోచ్‌ను కాను, పోటీలకు వెళ్లేవాణ్ణీ కాను. పగలంతా కుర్చీలో కూర్చుని పనిచేసి, సాయంత్రం గంటసేపు బరువులెత్తే, నలభై దాటిన మనిషిని. ఈ అభిప్రాయాలను ఆ మేరకే తీసుకోవాలని మనవి.

పరికరం మంచిచెడ్డలు చెప్పాలంటే అది ఏ కండను ఏ స్థితిలో పని చేయిస్తుందో ముందుగా చూడాలి. హ్యామ్‌స్ట్రింగ్స్ అని ఒక్క మాటలో అనేస్తాము గానీ అవి నిజానికి మూడు కండరాలు. తొడ వెనక బయటి వైపున బైసెప్స్ ఫెమోరిస్, లోపలి వైపున సెమీటెండినోసస్, దాని అడుగున సెమీమెంబ్రనోసస్ ఉంటాయి. వీటిలో బైసెప్స్ ఫెమోరిస్‌కు పొడవు తల, పొట్టి తల అని రెండు భాగాలున్నాయి. పొట్టి తల తప్ప తక్కినవన్నీ, కూర్చున్నప్పుడు పిరుదుల అడుగున కుర్చీకి ఆనే ఎముక దగ్గర పుట్టి, మోకాలు దాటి కిందకు వచ్చి అక్కడి ఎముకలకు అతుక్కుంటాయి. అందువల్ల అవి తుంటిని వెనక్కి చాపే పనినీ, మోకాలిని మడిచే పనినీ రెంటినీ చేస్తాయి. పొట్టి తల మాత్రం తొడ ఎముక వెనక భాగంలో పుట్టి మోకాలిని ఒక్కదాన్నే దాటుతుంది. తుంటి ఏ కోణంలో ఉన్నా దానికి ఒకటే.

ఈ ఒక్క విషయం తెలిస్తే యంత్రాల మధ్య తేడా సగం అర్థమైపోతుంది. తుంటి వంగి ఉన్నప్పుడు పొట్టి తల తప్ప తక్కిన మూడు భాగాలూ పైకొస నుంచి సాగి ఉంటాయి. తుంటి చాపి ఉన్నప్పుడు వదులవుతాయి. రెండు స్థితుల్లోనూ మోకాలు మడిచేది ఒకే విధంగా కనిపించినా, కండ లోపల జరిగే పని వేరు. కాబట్టి హ్యామ్‌స్ట్రింగ్ వ్యాయామంలో వైవిధ్యం అన్నప్పుడు నేను చూసేది, తుంటి స్థితి మారిందా, కదిలే కీలు మారిందా, కండ పొట్టిగా ఉన్నప్పుడు బరువు పడుతోందా సాగి ఉన్నప్పుడు పడుతోందా అన్నవే. పాదాలను లోపలికి తిప్పి ఒక సెట్, బయటికి తిప్పి ఒక సెట్ చేయడం, లేదా అదే యంత్రం మీద రెప్‌ల సంఖ్యను మాత్రం 12 నుంచి 15కు మార్చడం ఈ లెక్కలోకి రావు. ఆరేళ్లలో నేను చేసిన మార్పులన్నీ ఆ కోవలోవే.

పాత యంత్రంతో మొదలుపెడతాను. లైయింగ్ లెగ్ కర్ల్ మీద బోర్లా పడుకోగానే తుంటి దాదాపు నిటారుగా చాపుకుని ఉంటుంది. మా జిమ్‌లో ఉన్నది తుంటి దగ్గర కొంచెం గూనులా పైకి లేచి, రెండు వైపులా కిందకు వాలిన బెంచ్ గలది. పూర్తిగా చదునుగా ఉండే పాతకాలపు బెంచ్‌ల కంటే ఇది నయం, ఎందుకంటే తుంటి కాస్తయినా వంగి ఉండటం వల్ల నడుము విల్లులా వంపు తిరగడం తగ్గుతుంది. ఎక్కడం, దిగడం తేలిక. సర్దుకోవలసింది చీలమండ ప్యాడ్ ఒక్కటే. ఇక ఇబ్బందుల్లో మొదటిది, బరువు కాస్త పెరగగానే పిరుదులు బెంచ్ మీది నుంచి పైకి లేస్తాయి. దీన్ని చాలామంది క్రమశిక్షణ లోపంగా చూస్తారు గానీ, అందులో శరీరం తెలివి కూడా ఉంది: తుంటిని వంచితే కండ సాగి, బలం పుంజుకుంటుంది కాబట్టి అది తనకు అనుకూలమైన స్థితిని వెతుక్కుంటోంది. అంటే యంత్రం ఇవ్వని తుంటి వంపును మనం దొంగతనంగా తెచ్చుకుంటున్నామన్న మాట. ఆ క్రమంలో భారం నడుము మీదకు జారుతుంది.

రెండో ఇబ్బంది, మడమ పిరుదుల దగ్గరకు వచ్చే చివరి భాగంలో కండ పట్టేయడం. తుంటి చాపి, మోకాలు పూర్తిగా మడిస్తే హ్యామ్‌స్ట్రింగ్స్ రెండు కొసల నుంచీ కుదించుకుపోతాయి. అంత పొట్టిగా అయిన కండ పెద్దగా లాగలేదు, బలవంతం చేస్తే పట్టేస్తుంది. ఈ పట్టుకుపోవడాన్నే ‘కండ బాగా పనిచేసింది’ అనడానికి గుర్తుగా నేను కొన్నేళ్లు పొరబడ్డాను.

సీటెడ్ లెగ్ కర్ల్‌లో ఈ పరిస్థితి తిరగబడుతుంది. వీపు ఆనించి కూర్చుంటే తుంటి దాదాపు 90 డిగ్రీల దాకా వంగుతుంది, కాళ్లు ముందుకు చాపి మొదలుపెడతాము కనుక హ్యామ్‌స్ట్రింగ్స్ రెండు కొసలా సాగిన స్థితిలో మొదటి లాగుడు లాగుతాయి. ఈ తేడాకు ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు 2021లో ప్రచురితమైన ఒక జపాన్ పరిశోధన చక్కని సమాధానం ఇచ్చింది. 20 మంది ఒక కాలితో సీటెడ్ కర్ల్, రెండో కాలితో లైయింగ్ కర్ల్ వారానికి రెండుసార్లు, 12 వారాలపాటు చేశారు. ఒకే మనిషి రెండు కాళ్లనూ పోల్చారు కాబట్టి తిండి, నిద్ర, పుట్టుక వంటి తేడాలు అడ్డురాలేదు. మొత్తం హ్యామ్‌స్ట్రింగ్స్ పరిమాణం కూర్చుని చేసిన కాలిలో 14 శాతం, పడుకుని చేసిన కాలిలో 9 శాతం పెరిగింది. మరింత ముచ్చటైన సంగతి ఏమిటంటే, తుంటిని దాటని పొట్టి తల మాత్రం రెండు కాళ్లలోనూ ఇంచుమించు ఒకేలా పెరిగింది. శరీర నిర్మాణం ఊహించమన్నదే కొలతలోనూ కనిపించింది.

నా అనుభవం కూడా దాన్ని కాదనలేదు. మొదటి వారం లైయింగ్ కర్ల్‌లో వాడే బరువుకే పిన్ పెట్టి కూర్చున్నాను. 12 రెప్‌లు సులువుగా జరిగిపోవడంతో ఇది తేలికపాటి యంత్రమని తీర్మానించి రెండు పలకలు పెంచాను. మర్నాడు ఏమీ లేదు. ఆ మర్నాడు కుర్చీలో కూర్చోబోతే, ఆరేళ్లలో ఎన్నడూ నొప్పి తెలియని చోట, పిరుదుకూ తొడకూ మధ్య మడత కిందుగా, సలుపు మొదలైంది. పడుకుని చేసినప్పుడు నొప్పి ఎప్పుడూ మోకాలి వెనక గుంటకు కొంచెం పైన తెలిసేది. కండ నొప్పి పెరుగుదలకు కొలమానం కాదని నాకు తెలుసు. కానీ అలవాటు లేని చోట బరువు పడిందని మాత్రం అది చెప్పింది. యంత్రం మీద రాసిన అంకెలను ఒకదాని నుంచి మరోదానికి మోసుకుపోకూడదన్న పాఠం కూడా అప్పుడే బోధపడింది. కప్పీ, కామ్, యంత్రపు చేయి పొడవు మారితే పలక మీది 40 కిలోలకు అర్థమే మారిపోతుంది. పైగా కూర్చున్నప్పుడు మన పిక్క బరువు కూడా కిందకు లాగడంలో సాయపడుతుంది.

కామ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కమాట. యంత్రంలో గొలుసో బెల్టో చుట్టుకునే ఆ వంకర చక్రం కదలిక పొడవునా బరువును ఒకచోట పెంచి, మరొకచోట తగ్గిస్తుంది. 1970లో ఆర్థర్ జోన్స్ తన తొలి యంత్రాన్ని ప్రదర్శించాక, ఆ వంకర చక్రం నాటిలస్ అనే సముద్రజీవి గుల్లను పోలి ఉండటం వల్లే ఆ యంత్రాలకు నాటిలస్ అన్న పేరు స్థిరపడింది. మా జిమ్‌లోని సీటెడ్ కర్ల్ కామ్ మొదటి సగంలో, అంటే కాళ్లు చాపి ఉన్నప్పుడు బరువుగానూ, మోకాలు మడిచే కొద్దీ తేలికగానూ ఉండేలా తయారైంది. నా దృష్టిలో ఇది సరైన ఎంపిక. కొన్ని యంత్రాల్లో దీనికి విరుద్ధంగా చివర్లో బిగిసిపోతుంది. అలాంటిది ఎదురైతే సాగిన స్థితిలో దొరకవలసిన లాభం చాలావరకు పోతుంది. కొనేవారుగానీ, జిమ్ ఎంచుకునేవారుగానీ తేలికపాటి బరువు పెట్టి, కదలికలో ఎక్కడ బరువు తెలుస్తోందో కళ్లు మూసుకుని గమనిస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఈ యంత్రం సర్దుబాటులో ఓర్పు అడుగుతుంది. వీపు ప్యాడ్‌ను ముందుకో వెనక్కో జరిపి, మోకాలి పక్కన ఉండే బొడిపె యంత్రం ఇరుసుకు ఎదురుగా వచ్చేలా చూసుకోవాలి; మోకాలు ఇరుసు కంటే ముందుకు పోయినా, వెనక ఉండిపోయినా, చీలమండ ప్యాడ్ కాలి మీద జారుతూ చర్మాన్ని రాపిడి చేస్తుంది. తర్వాత తొడ ప్యాడ్‌ను మోకాలికి కొంచెం పైన గట్టిగా దించి తాళం వేయాలి. దాన్ని వదులుగా ఉంచితే బరువు లాగినప్పుడల్లా తొడలు పైకి లేచి, పిరుదులు సీటు మీద ముందుకు జారిపోతాయి. చీలమండ ప్యాడ్ మడమకు కాస్త పైన, పిక్క సన్నబడే చోట ఉండాలి. ఇవన్నీ కుదిరాక, చేతులతో పిడులు పట్టుకుని నడుమును వంచకుండా ఛాతీని కొంచెం ముందుకు వాల్చితే కండ ఇంకాస్త సాగుతుంది. పాదం వేళ్లను తన వైపు లాక్కుంటే పిక్క కండ కూడా మోకాలు మడవడంలో చేయి కలుపుతుంది. వేళ్లను ముందుకు చాపితే ఆ సాయం తగ్గి హ్యామ్‌స్ట్రింగ్స్‌కే ఎక్కువ భారం మిగులుతుంది. నేను చాపి మొదలుపెట్టి, ఇక కుదరదు అన్నప్పుడు వేళ్లు లాక్కుని మరో రెండు రెప్‌లు పూర్తి చేస్తాను.

లోపాలు కూడా చెప్పాలి. మా యంత్రంలో వీపు ప్యాడ్ రంధ్రాల మధ్య ఎడం ఎక్కువ; నా మోకాలు సరిగ్గా రెండు రంధ్రాల మధ్యలో పడుతుంది. వీపు వెనక చిన్న మెత్త పెట్టుకుని సరిపెట్టుకుంటున్నాను. తొడ ప్యాడ్ తాళం పదో వారంలో వదులైంది. బరువు దించే సమయంలో ఉన్నట్టుండి ఒక గాడి పైకి ఎగిరింది. దెబ్బ తగలలేదు గానీ, గుండె ఒక్కసారి ఝల్లుమంది. చెప్పిన నాలుగు రోజులకు బిగించారు. అన్నిటికంటే చిరాకు పెట్టేది పలకల మధ్య 7 కిలోల తేడా. తుంటి వంటి పెద్ద కీలు కదిలే వ్యాయామంలో 7 కిలోలు ఒక లెక్క కాదు, మోకాలు ఒక్కటే కదిలే చోట అది పెద్ద అంగ. పైన తగిలించుకునే చిన్న అదనపు బరువులు ఈ యంత్రానికి ఇవ్వలేదు. దాంతో ఒకే పలక మీద 8 రెప్‌ల నుంచి 13 దాకా ఎదిగి, తర్వాత పిన్ కిందకు దించి మళ్లీ 7 దగ్గర మొదలుపెట్టే పద్ధతికి అలవాటు పడ్డాను.

పిరుదు అడుగు ఎముక దగ్గర, హ్యామ్‌స్ట్రింగ్ స్నాయువు (కండను ఎముకకు కట్టే తాడు) మొదలయ్యే చోట పాత నొప్పి ఉండి, కూర్చుంటేనే సలిపేవారికి సీటెడ్ కర్ల్ సరిపడకపోవచ్చు. తుంటి వంగిన స్థితిలో ఆ భాగం ఎముకకు ఒత్తుకుంటుంది. దాని మీద బరువు కూడా పడితే మంట పెరుగుతుంది. అటువంటివారికి నేను తక్కువ చేసి మాట్లాడిన లైయింగ్ కర్ల్‌యే ముందుగా మేలు, తర్వాతి సంగతి ఫిజియోథెరపిస్టు చెప్పాలి.

ఇక నార్డిక్ బెంచ్. ఇందులో బరువు పలకలు లేవు, కప్పీలు లేవు. మెత్తటి పలక మీద మోకాళ్లు ఆనించి, వెనక రోలర్ కింద చీలమండలు ఇరికించి, మోకాలి నుంచి తల దాకా శరీరాన్ని కర్రలా నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలడమే పని. చూసేవారికి సాష్టాంగపడుతున్నట్టు ఉంటుంది. చేసేవారికి సగం దారిలో కాళ్లు మొండికేసి, ఒళ్లు ధబాలున ముందుకు పడిపోతుంది. చేతులు ముందే సిద్ధంగా లేకపోతే ముఖం నేలను పలకరిస్తుంది. ఈ వ్యాయామం విలువ అంతా ఆ వాలడంలో ఉంది. కండ బరువును ఆపుతూనే సాగుతుంది, పరుగెత్తేటప్పుడు కాలు ముందుకు విసిరి నేలకు ఆనబోయే క్షణంలో హ్యామ్‌స్ట్రింగ్స్ చేసే పని కూడా అలాంటిదే, కండ ఎక్కువగా చిరిగేదీ అప్పుడే.

డెన్మార్క్‌లో 50 ఫుట్‌బాల్ జట్లకు చెందిన 942 మంది ఆటగాళ్లతో జరిపి 2011లో ప్రచురించిన పరిశోధన ఈ వ్యాయామానికి పెద్ద పేరు తెచ్చింది. మామూలు సాధనకు తోడు పది వారాల నార్డిక్ కార్యక్రమం చేసిన జట్లలో 15 హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు నమోదైతే, చేయని జట్లలో 52 నమోదయ్యాయి. అక్కడ వాడింది ఏ బెంచూ కాదు; ఒకరు మోకాళ్ల మీద నిలబడితే, తోటి ఆటగాడు వెనక కూర్చుని మడమలు పట్టుకోవడమే. కాబట్టి బెంచ్ లేనంత మాత్రాన ఈ వ్యాయామం చేయలేమని ఎవరూ అనుకోనక్కరలేదు. అయితే ఒంటరిగా జిమ్‌కు వెళ్లేవాడికి ప్రతిసారీ మడమలు పట్టుకోమని ఎవరినో బతిమాలడం మొహమాటంగా ఉంటుంది. బెంచ్ తీర్చేది ముఖ్యంగా ఆ అవసరాన్నే.

బెంచ్‌లో నాకు బాగా నచ్చింది వాలు మార్చుకునే ఏర్పాటు. ముందు కొసను పైకి లేపితే, అంటే తల వైపు ఎత్తుగా ఉంచితే, శరీరం నేలకు సమాంతరంగా చేరే లోపే కదలిక ముగుస్తుంది కాబట్టి వ్యాయామం సులువవుతుంది. చదును చేసే కొద్దీ కష్టం పెరుగుతుంది. నేను అన్నిటికంటే ఎత్తైన గాడితో మొదలుపెట్టి, 3 రెప్‌ల చొప్పున 2 సెట్లు మాత్రమే చేశాను. ఆ మాత్రానికే తర్వాతి మూడు రోజులు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవలసి వచ్చింది. రెండో వారం అదే పనికి నొప్పి సగమైంది, నాలుగో వారానికి పోయింది. సాగుతూ బరువు మోసే పనికి కండ అంత త్వరగా అలవాటు పడుతుంది. కొత్తవారు మొదటి రోజే పది రెప్‌లకు పూనుకోవడం కన్నా పెద్ద పొరపాటు ఈ బెంచ్ మీద మరొకటి లేదు. 16వ వారం ముగిసేసరికి నేను చివరి నుంచి రెండో గాడికి చేరాను. చదునుగా పెట్టి పూర్తిగా ఆపుకుంటూ వాలడం ఇంకా చేతకావడం లేదు. పడిపోయే కోణం మాత్రం నెలనెలా కిందకు దిగుతోంది. పైనున్న చట్రానికి రబ్బరు బ్యాండ్ కట్టి ఛాతీకి చుట్టుకునే పద్ధతీ ఉంది గానీ, బ్యాండ్ ఎంత సాయం చేస్తోందో తెలియదు కనుక వాలు మార్చడమే లెక్కకు అనువుగా ఉంటుంది.

నచ్చనివి: మోకాళ్ల కింది మెత్త పలచన, రెండు సెట్లు అయ్యాక మోకాలి చిప్ప ఎముక కిందుగా పోటు పుడుతుంది, చాపను మడిచి వేసుకుంటే గానీ కుదరదు. చీలమండ రోలర్ గట్టిది, సన్ననిది. మడమ వెనక స్నాయువు మీద సరిగ్గా దిగబడుతుంది. రోలర్ బదులు వెడల్పాటి పట్టీ ఉన్న బెంచ్‌లు ఉన్నాయి, వాటిలో ఈ బాధ తక్కువ. అలాగే, నడుము దగ్గర మడిచి వాలితే వ్యాయామం తేలికైపోతుంది, కానీ అప్పుడు చేస్తున్నది నార్డిక్ కాదు. అద్దం పక్కగా ఉండేలా బెంచ్‌ను వేయించుకుంటే ఈ మోసాన్ని మనమే పట్టుకోవచ్చు. మా జిమ్‌లో బెంచ్ గోడ వైపు ముఖం పెట్టి ఉంది, జరపమని రెండుసార్లు అడిగాను.

పేరు ఎంత వచ్చినా నార్డిక్ అన్నిటికీ మందు కాదు. ఇందులో తుంటి చాపే ఉంటుంది, కదిలేది మోకాలే. 2017లో ప్రచురితమైన మరో పరిశోధనలో పది వారాలపాటు ఒక బృందం నార్డిక్, మరొక బృందం 45 డిగ్రీల బెంచ్ మీద తుంటి చాపే వ్యాయామం చేశాయి. నార్డిక్ చేసినవారిలో పెరుగుదల ముఖ్యంగా సెమీటెండినోసస్‌లోనూ పొట్టి తలలోనూ కనిపించగా, తుంటి వ్యాయామం పొడవు తలను అంతకంటే ఎక్కువగా పెంచింది. పరుగులో తరచుగా చిరిగేది ఆ పొడవు తలే. అందుకే, ఎన్ని కర్ల్ యంత్రాలు మార్చినా, తుంటి దగ్గర వంగి లేచే వ్యాయామం ఒకటి లేకపోతే ఆ మార్పులన్నీ ఒకే గదిలో కుర్చీలు అటూ ఇటూ జరిపినట్టే ఉంటాయి.

ఆ పనికి నేను రెండిటిని వాడాను. మొదటిది రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, అంటే బార్‌ను చేతుల్లో పట్టుకుని తుంటి దగ్గర వంగి లేవడం. 1984 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన నికు వ్లాద్ వంటి రొమేనియా వెయిట్‌లిఫ్టర్ల సాధన చూసి ఆ పేరు పుట్టింది. దీని గుణగణాలు అందరికీ తెలిసినవే కాబట్టి ఒక్క మాటతో సరిపెడతాను: బార్ నేలను తాకడం లక్ష్యం కాదు, పిరుదులు వెనక్కి వెళ్లడం ఆగినచోటే కిందకు దిగడం ఆపాలి. నా వరకు తొడల కంటే ముందు వేళ్ల పట్టు సడలుతోంది, కనుక మణికట్టు పట్టీలు వాడుతున్నాను, అందులో సిగ్గు పడవలసిందేమీ లేదు. రెండోది జిమ్‌లో ఓ మూలన ఎప్పుడూ ఖాళీగా ఉండే 45 డిగ్రీల బ్యాక్ ఎక్స్‌టెన్షన్ బెంచ్. దీన్ని నడుము వ్యాయామానికే అనుకుని ఇన్నేళ్లూ తప్పించుకు తిరిగాను. తొడ ప్యాడ్‌ను తుంటి మడతకు కొంచెం కిందకు దించి, నడుమును కదపకుండా తుంటి దగ్గర మాత్రమే వంగి లేస్తే భారమంతా పిరుదులకూ హ్యామ్‌స్ట్రింగ్స్‌కూ చేరుతుంది. ఛాతీకి ఒక పలక హత్తుకుని చేసే 10 రెప్‌లు, లేదా పలక లేకుండా ఒంటి కాలితో చేసే 8 రెప్‌లు, ఏ ఖరీదైన యంత్రానికీ తీసిపోవు. ఈ సమీక్ష రాయడానికి పూనుకున్నది కొత్త పరికరాల కోసమే అయినా, నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఈ పాత బెంచే.

తక్కిన వాటి గురించి క్లుప్తంగా. పాదాల కింద జారుడు బిళ్లలు పెట్టుకుని వెల్లకిలా పడుకుని చేసే కర్ల్ ప్రయాణాల్లో బాగా పనికొస్తుంది, కానీ ఒంటి కాలితో పది దాటాక కష్టం పెంచే దారి ఉండదు. పెద్ద బంతి మీద మడమలు పెట్టి చేసేది దాని చెల్లెలు లాంటిది, అదనంగా తూలిపోవడం ఉంటుంది. కేబుల్‌కు చీలమండ పట్టీ తగిలించి నిలబడి చేసే కర్ల్‌కు నేను మూడు వారాలు ఇచ్చి మానేశాను. రెండో కాలూ, నడుమూ ఒంటిని నిలబెట్టడానికే అలసిపోతాయి. పాదాలు బిగించి, తొడలు ప్యాడ్‌కు ఆనించి ఒంటిని దించి లేపే గ్లూట్-హ్యామ్ బెంచ్ మంచి పరికరమని నా నమ్మకం, మరో జిమ్‌లో ఒకటి రెండుసార్లు వాడాను; అయితే పాదాల పలక దూరం ఒక్క గాడి తప్పినా మోకాళ్లకు వ్యాయామం కాస్తా నడుముకు వ్యాయామంగా మారిపోతుంది, దాని మీద తీర్పు చెప్పేంత అనుభవం నాకు లేదు.

ఇన్ని దొరికాక నేను చేసిన మొదటి తప్పు, అన్నిటినీ ఒకేసారి రుచి చూడటం. తొలి నాలుగు వారాలు ప్రతి రోజూ వేరే జత ఎంచుకున్నాను. ఉత్సాహంగానే ఉండింది, కానీ నోటుపుస్తకం తిరగేస్తే ఏ వ్యాయామంలోనూ ముందు వారం అంకె పక్కన ఈ వారం అంకె లేదు. ఎదిగానో లేదో చెప్పే ఆధారమే పోయింది. పైగా ప్రతిసారీ కొత్త నొప్పి. ఐదో వారం నుంచి రెండు రోజులకు రెండు జతలు స్థిరపరచుకున్నాను. ఒక రోజు సీటెడ్ కర్ల్ 3 సెట్లు, ఆ తర్వాత 45 డిగ్రీల బెంచ్ 3 సెట్లు. మరో రోజు రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ 3 సెట్లు, నార్డిక్ 2 లేదా 3 సెట్లు. ఈ రెండు రోజుల మధ్య కనీసం రెండు రోజుల ఎడం ఉంచాను. నార్డిక్ తప్ప తక్కినవాటిని కాళ్ల వ్యాయామం చివర్లో కాకుండా మొదట్లోనే పెట్టడం మరో ముఖ్యమైన మార్పు. సీటెడ్ కర్ల్ ముందు చేసి స్క్వాట్‌కు వెళితే మోకాళ్లు వెచ్చబడి కింద స్థితిలో సుఖంగా ఉంటున్నాయి. నార్డిక్‌ను మాత్రం స్క్వాట్‌కు ముందు పెట్టకూడదు, అది చేశాక కాళ్ల మీద భరోసా ఉండదు.

జిమ్ సేవ విషయంలో ఒక ఫిర్యాదు. ఇంత మంచి పరికరాలు తెచ్చి, వాటిని సర్దుకోవడం ఎలాగో చూపించేవారిని పెట్టలేదు. సీటెడ్ కర్ల్ మీద తొడ ప్యాడ్ దించకుండానే బరువు లాగుతున్నవారు వారానికి ఇద్దరైనా కనిపిస్తారు; నార్డిక్ బెంచ్ మీద ఎక్కువగా కనిపించేది తువ్వాళ్లు. యంత్రం పక్కన బొమ్మతో నాలుగు వాక్యాల పలక తగిలించినా సగం సమస్య తీరుతుంది.

ఒక్క పరికరమే కొనగలిగే చిన్న జిమ్ యజమాని నన్నడిగితే సీటెడ్ లెగ్ కర్ల్ అని చెబుతాను, పలకల మధ్య తేడా 5 కిలోలకు మించకూడదన్న షరతుతో. సభ్యుల్లో పరుగెత్తేవారు, బంతి ఆటలు ఆడేవారు ఎక్కువైతే నార్డిక్ బెంచ్‌ను ముందు పెడతాను. అది చోటూ తక్కువే తింటుంది, చెడిపోయేందుకు అందులో భాగాలూ పెద్దగా లేవు. లైయింగ్ కర్ల్‌ను నేను పూర్తిగా వదల్లేదు. సాయంత్రాల్లో సీటెడ్ యంత్రం దగ్గర ముగ్గురు వరసలో ఉన్నప్పుడు, పాత దాని మీద పడుకుని, బరువు రెండు పలకలు తగ్గించి, పిరుదులు లేవకుండా ఒక్కో కాలితో నిదానంగా 10 రెప్‌లు చేస్తాను. ఆ బరువు ఆరేళ్ల కిందట నేను మొదలుపెట్టిన బరువే, ఇప్పుడది కొత్తగా కష్టంగా ఉంది.